తోక దాకా వినాలి

ఆ అమ్మాయి ఉద్యోగంలో చేరిన మొదటి రోజే ఆఫీసుకి వంద కుర్చీలు తెప్పించింది.

కంగారు పడకండి, కాగితం మీదే. అసలు సంగతి చెప్తాను.

ఆ ఆఫీసులో ఏ మీటింగు జరిగినా, ఏ విచారణ జరిగినా రికార్డు చేస్తారు. మూడో అంతస్తులో ఉన్న రికార్డుల సెక్షన్ వాళ్లు ఆ ఆడియో విని, ఎవరేమన్నారో ఉన్నదున్నట్టు టైపు చేసి ఇవ్వాలి. కొత్తగా చేరినవాళ్లకి మూడు నెలల గడువు. ఆలోగా గంట ఆడియోని నాలుగు గంటల్లో, పేజీకి ఒక తప్పు మించకుండా టైపు చేయగలిగితే ఆ సీటు వాళ్లది. చేయలేకపోతే కింది అంతస్తులో డిస్పాచ్‌కి పంపేస్తారు. అక్కడ పొద్దుట్నుంచి సాయంత్రం దాకా కవర్ల మీద ముద్రలు గుద్దుకోవడమే.

ముద్రలు గుద్దుకునే ఉద్దేశం ఆ అమ్మాయికి బొత్తిగా లేదు. టైపింగ్ పోటీల్లో రెండు కప్పులు గెలుచుకున్న మనిషి. వేళ్లు కీబోర్డు మీద పెడితే రేకుల కప్పు మీద వాన పడ్డట్టుంటుంది. సూపరింటెండెంట్ మేడమ్ పావుగంట ఆడియో ఇచ్చి, "నిదానంగా చెయ్యమ్మా, సాయంత్రానికి చాలు" అంటే, గంట తిరక్కుండా నాలుగు పేజీలు ప్రింటు తీసి చెకర్ బల్ల మీద పెట్టింది.

చెకర్ అంటే టైపయిన కాగితాన్ని ఆడియోతో పోల్చి సరిచూసే మనిషి. పొడుగ్గా, సన్నగా, మెడలో హెడ్‌ఫోన్స్ దండలా వేసుకుని ఉంటాడు. చూడ్డానికి బాగానే ఉన్నాడని ఆ అమ్మాయి మొదటి చూపులోనే గమనించింది. అతను నోరు విప్పేదాకా ఆ అభిప్రాయం నిలబడింది.

"చాలా... స్పీడుగా..." అన్నాడతను, కాగితాలు తిరగేస్తూ.

"చేశాను కదండీ! అందరూ అదే అంటారు."

"...తప్పులు చేశారు," అని అతను వాక్యం పూర్తి చేశాడు.

ఆ అమ్మాయి మొహంలో నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. "ఏం తప్పులు?"

"పదకొండో నిమిషం. చైర్మన్ గారు వంద కుర్చీలకి ఒప్పుకున్నట్టు రాశారు."

"ఒప్పుకున్నారుగా! నా చెవులతో విన్నాను."

"మళ్లీ వినండి."

విన్నది. చైర్మన్ గొంతు గంభీరంగా అంటోంది: "కొత్త కుర్చీలు వంద కావాలంటే నేనొప్పుకో..." అంతలో ఎవరో దగ్గారు.

"ఒప్పుకున్నాను. ఇంకేముంటుంది?"

"మళ్లీ వినండి."

"ఎన్నిసార్లండీ?"

"మళ్లీ."

మూడోసారి విన్నప్పుడు దగ్గు కింద ఎక్కడో సన్నగా, పిల్లి పిల్లలా ఒక్క అక్షరం మూలిగింది. "ను." నేనొప్పుకోను.

"మీ లెక్కన రేపు పొద్దున్నే గేటు ముందు లారీ ఆగి, వంద కుర్చీలు దిగుతాయి," అన్నాడతను. నవ్వలేదు గానీ నవ్వు కళ్లలో ఉంది. "మీరు ఎక్స్‌ప్రెస్ బండండీ. 'ను' అనేది చిన్న స్టేషను. అక్కడ ఆగలేదు."

సెక్షన్‌లో ఉన్న ఆరుగురూ పగలబడి నవ్వారు. ఆ క్షణం నుంచి ఆ అమ్మాయి పేరు ఎక్స్‌ప్రెస్. అసలు పేరు జీతాల రిజిస్టరులో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు.

ఆవిడేం తక్కువ తిందా? మర్నాటికల్లా అతనికి 'మళ్లీగారు' అని పేరు పెట్టేసింది. సాయంత్రానికి అటెండరు కూడా "మళ్లీగారూ, కాఫీ" అనడం మొదలుపెట్టాడు.

* * *

ఎక్స్‌ప్రెస్‌ది పుట్టుకతో వచ్చిన జబ్బు. ఎదుటివాళ్ల వాక్యం పూర్తి కానివ్వదు. అది ఆవిడ తప్పు కూడా కాదు. వాళ్లింట్లో నలుగురు, నలుగురూ ఒకేసారి మాట్లాడతారు. ఎవరైనా ఒక వాక్యం చివరిదాకా చెప్పాలంటే బాత్రూములోకెళ్లి తలుపేసుకోవాలి.

"అమ్మా, ఇవాళ ఆఫీసులో..." అని తను మొదలుపెడితే, "తిట్టారా?" అని అమ్మ, "మెచ్చుకున్నారా?" అని నాన్న, "ఎవరైనా కనిపించాడా?" అని అక్క. తను చెప్పాలనుకున్నది లిఫ్టు పనిచేయలేదని. అది ఎవరికీ అందలేదు.

అలాంటి ఇంట్లో పెరిగిన పిల్ల మళ్లీగారి దగ్గర పని నేర్చుకోవాల్సి వచ్చింది. తల ప్రాణం తోకకొచ్చింది. ఆ తోక గురించే అతను రోజూ చెప్పేవాడు.

"చూడండి. మన భాషలో అసలు సంగతంతా... వాక్యం చివర్లో..."

"ఉంటుంది. తెలుసు."

"...దాక్కుంటుంది," అనేవాడతను ఓపిగ్గా. "చేస్తాను, చెయ్యను, చేశాను, చెయ్యలేదు. అన్నిటికీ తల ఒకటే. తేడా అంతా తోకలో. మాట్లాడేవాళ్లు తలని గట్టిగా చెప్తారు, తోకని మింగేస్తారు. అందుకే తోక దాకా వినకుండా టైపు చెయ్యకూడదు."

అతని రూళ్లు మూడు. ఒకటి, తోక దాకా వినాలి. రెండు, వినపడకపోతే ఊహించి రాయకూడదు, ఖాళీ వదిలి, పక్కన నిమిషం వేసి 'స్పష్టంగా లేదు' అని రాయాలి. మూడోది ఎప్పుడోగానీ అక్కరకి రాదు: రికార్డింగే మధ్యలో తెగిపోతే, మాట్లాడినవాళ్ల దగ్గరికే వెళ్లి అడగాలి.

బల్ల కింద ఒక పెడల్ ఉంటుంది. కుట్టుమిషనుకి ఉన్నట్టే. కాలితో నొక్కితే ఆడియో నడుస్తుంది, తీస్తే ఆగి రెండు సెకన్లు వెనక్కెళుతుంది. మొదట్లో ఎక్స్‌ప్రెస్ దాన్ని ప్రతి మాటకీ నొక్కి, తీసి, నొక్కి, తీసి, మధ్యాహ్నానికి పిక్క పట్టేసి కుంటుకుంటూ భోజనానికెళ్లేది.

"ఆపకండి," అనేవాడు మళ్లీగారు. "చెవి ముందు నడవాలి, వేళ్లు నాలుగు మాటలు వెనక నడవాలి. వేళ్లు చెవిని తరమకూడదు."

అదే కష్టం. వేళ్లు ఆగేవి కావు. వాటికి జవాబు ముందే తెలుసన్న ధీమా. అయినా మొండిది కదా, నేర్చుకుంది. ముందు ఆడియో మొత్తం చేతులు కట్టుకుని ఒకసారి వినేది. ఎవరి గొంతు ఏదో కాగితం మీద గుర్తు పెట్టుకునేది: గరగర గొంతు ఇంజనీరు, ముక్కుతో మాట్లాడేది అకౌంట్స్, ప్రతి వాక్యానికీ 'అంటే' తగిలించేది చైర్మన్. వేగం ముప్పాతికకి తగ్గించుకుని టైపు చేసేది. తర్వాత కాగితం చూస్తూ ఇంకోసారి, చివర్న ఆడియో లేకుండా ఒట్టి కాగితాన్నే ఇంకోసారి. 'కార్యనిర్వాహక' లాంటి మాటలకి రెండక్షరాల షార్ట్‌కట్లు తనే తయారుచేసుకుంది. రెండో నెలలో గంట ఆడియో అయిదు గంటలకి వచ్చింది. పేజీకి తప్పులు ఆరు నుంచి రెండుకి దిగాయి.

"ఈ సీటు నాదేనండీ. రాసిపెట్టుకోండి," అంది ఒకరోజు, హెడ్‌ఫోన్స్ తీసి బల్లమీద పెడుతూ.

"రాసిపెట్టుకుంటే చెక్ చెయ్యాలి కదా," అన్నాడు మళ్లీగారు.

"మీరు జోకు కూడా వాయిదాల మీద వేస్తారేంటండీ? నవ్వొచ్చేలోపు బస్సు వెళ్లిపోతుంది."

అతను నవ్వాడు. ఒక పక్కకే వంగే నవ్వు, సిగ్గు కలిసిన నవ్వు. ఎక్స్‌ప్రెస్‌కి ఎందుకో ఆ రోజు నిజంగానే బస్సు వెళ్లిపోయినా ఫరవాలేదనిపించింది.

అతనిది ఎదురు బల్లే. తప్పు దొరికితే కాగితం పంపకుండా, తన కుర్చీ లాక్కుని వచ్చి పక్కన కూర్చునేవాడు. ఒకే మిషనుకి రెండు హెడ్‌ఫోన్స్ తగిలించుకుని ఇద్దరూ ఒకే ముక్కని వినేవాళ్లు. "మళ్లీ," అనేవాడు. విన్నాక "మళ్లీ" అనేవాడు. కిటికీ బయట వాన. చెవుల్లో ఎవరో ఇంజనీరు నీళ్ల పంపు గురించి గొణుగుతూ ఉండేవాడు. ప్రపంచంలో ఎవరూ అంత శ్రద్ధగా నీళ్ల పంపు గురించి విని ఉండరు.

మిగతావాళ్ల కాగితాల మీద అతను ఎర్రపెన్నుతో సున్నా చుట్టి పంపేస్తాడని, పక్కన వచ్చి కూర్చోడని ఆవిడ గమనించింది. గమనించి, ఏమీ గమనించనట్టు ఉండడం కూడా నేర్చుకుంది.

* * *

గడువుకి పదిరోజుల ముందు ఆవిడకి సెక్షన్ హెడ్డుల మీటింగు ఆడియో వచ్చింది. మేడమ్, మరో ఇద్దరు అధికారులు, నోట్సు రాయడానికి మళ్లీగారు. నలభై నిమిషాలు. "సమావేశం ముగిసింది" అని మేడమ్ అన్నారు. కుర్చీలు జరిగాయి, తలుపు మూసుకుంది. అక్కడితో టైపు ఆపేయాలి. ముగిసింది అన్నాక వచ్చేది ఆఫీసు మాట కాదు.

ఎక్స్‌ప్రెస్ టైపు ఆపింది. పెడల్ మీంచి కాలు మాత్రం తియ్యలేదు. రికార్డరు ఆపడం మర్చిపోయారు, ఇంకో నిమిషం పైగా ఉంది. తప్పని తెలుసు. అయినా మేడమ్ గొంతులో తన ముద్దుపేరు వినపడితే ఎవరు మాత్రం కాలు తీస్తారు?

"మన ఎక్స్‌ప్రెస్ సంగతేంటయ్యా? ఆ అమ్మాయికీ నీకూ పడటం లేదని కబురొచ్చింది. పొద్దస్తమానం వాదించుకుంటారట. పోనీ డిస్పాచ్‌కి పంపేదా?"

 మళ్లీగారు తన పద్ధతిలో నిదానంగా అన్నాడు: "మేడమ్, ఆవిడతో పనిచెయ్యడం నాకు ఇష్టం లే..."

కాలు దానంతటదే పెడల్ మీంచి లేచిపోయింది.

హెడ్‌ఫోన్స్ తీసేసింది. చెవులు వేడెక్కిపోయాయి. ఎదురుగా మళ్లీగారు ఎవరి కాగితం మీదో ఎర్రసున్నా చుడుతున్నాడు, ఏమీ ఎరగనట్టు. పక్కన కూర్చుని నీళ్ల పంపు వినిపించి, వెనకాల ఇదా? ఏడుపు రాలేదు. ఒళ్లు మండింది. అంతకన్నా ఎక్కువగా నొప్పి కలిగింది, ఆ నొప్పి ఎంత ఉందో చూసి ఆవిడే హడలిపోయింది. ఇంత ఇష్టం ఎప్పుడు మొదలైంది? అది పోయిందనుకున్నాకే అది ఉందని తెలిసింది.

ఆ సాయంత్రమే అర్జీ రాసింది. 'నన్ను డిస్పాచ్ సెక్షన్‌కి మార్చవలసిందిగా కోరుతున్నాను.' ఒకరు పంపేదేంటి, తనే వెళుతుంది. తీసుకెళ్లి మేడమ్ ట్రేలో పడేసింది.

ఇంట్లో మొహం చూసి "తిట్టారా?" అంది అమ్మ. "దొంగ వెధవ ఎవడో చెప్పు," అన్నాడు నాన్న. అక్క మాత్రం మొదటిసారిగా ఏమీ అడక్కుండా చెల్లెలి వైపు చూసి, "ఎవరో కనిపించాడు," అని తేల్చింది. ఈసారి అది ప్రశ్న కాదు. ఎక్స్‌ప్రెస్ దుప్పటి ముసుగేసుకుంది.

మర్నాటి నుంచి ఆవిడ నోట్లో రెండే మాటలు మిగిలాయి.

"ఇరవయ్యో నిమిషం మళ్లీ వినండి."

"సరేనండి."

"వాదించరా?"

"లేదండి."

"ఒంట్లో... బాగానే..."

మామూలుగా అయితే వాక్యం తనే ముగించేది. ఇప్పుడు ఊరుకుంది. పాపం, అతనే ముగించుకోవాల్సి వచ్చింది.

"...ఉందా?"

"సరేనండి," అంది. అడిగినదానికి అది జవాబు కాదని ఇద్దరికీ తెలుసు.

అతను కుర్చీ లాక్కుని వస్తే "నోటు పెట్టి పంపండి చాలు" అంది. కుర్చీ సగం దూరంలో ఆగిపోయింది. రెండు రోజులు అక్కడే, ఎవరికీ చెందకుండా, దారికి అడ్డంగా ఉంది. కాఫీ తెచ్చిన అటెండరు రెండుసార్లు దానికి కొట్టుకున్నాడు.

* * *

గడువు ఆఖరి వారంలో పరీక్ష ఆడియో ఇచ్చారు. సరిగ్గా గంట. అది వాచ్‌మన్ తాత విచారణ.

వాచ్‌మన్ తాత అంటే గేటు దగ్గర ఇనప స్టూలు మీద కూర్చునే పెద్దాయన. "వచ్చావా తల్లీ, బస్సు దొరికిందా?" అని రోజూ పలకరించేవాడు. రిటైరవడానికి ఇంకా ఏడు నెలలుంది. పోయిన నెల నీళ్ల పైపు పగిలి పాత కాగితాల గది మునిగింది. తాళాలు తాత దగ్గరే ఉన్నాయి. నీళ్లొస్తుంటే తలుపు తియ్యకుండా చూస్తూ కూర్చున్నాడని ఫిర్యాదు. విచారణ చేసింది ఇక్కడివాళ్లే గానీ నిర్ణయం చేసేది వేరే భవనంలో ఉండే పెద్ద ఆఫీసరు. ఆయన వినడు, చదువుతాడు. అంటే తాత ఉండాలా పోవాలా అన్నది ఎక్స్‌ప్రెస్ టైపు చేసే కాగితం చెప్తుంది.

మూడు గంటల ఇరవై నిమిషాల్లో ఇరవై రెండు పేజీలు అయ్యాయి. లెక్క ప్రకారం గెలిచింది. మళ్లీగారికి పంపింది.

అరగంటకి పద్నాలుగో పేజీ తిరిగొచ్చింది. ఎర్రసున్నా, పక్కన ఒకే మాట. "తోక?"

ఒళ్లు మండుకొచ్చింది. సున్నాలో ఉన్న వాక్యం తాతది. 'తాళం చెవి తిరిగింది గానీ తలుపు తియ్యలేదు.' గరుకు గొంతు, కట్టుడు పళ్లు, ఆపైన ఎవరో కుర్చీ ఈడ్చిన చప్పుడు. అయినా 'తియ్యలే' దాకా స్పష్టంగా వినపడింది కదా. తియ్యలేదు. ఇంకేముంటుంది?

ఇంకేముంటుంది, అని తను ఇదివరకు ఒకసారి అన్న సంగతి గుర్తొచ్చింది. వంద కుర్చీలప్పుడు.

పెడల్ నొక్కింది. 'తియ్యలే...' కుర్చీ కీచుమంది. మళ్లీ. వేగం సగానికి తగ్గించింది. మళ్లీ. కళ్లు మూసుకుంది. చప్పుడుని పక్కకి పెట్టి చప్పుడు కింద ఉన్నదాన్ని పట్టుకోవాలి, అతను నేర్పిందే. ఏడోసారికి కుర్చీ కీచుకి అడుగున తాత గొంతు మెల్లగా, అరిగిపోయిన మెట్లు దిగుతున్నట్టు దిగింది. 'తియ్యలే... కపోయా. చెక్క ఉబ్బిపోయిందయ్యా.'

తియ్యలేదు కాదు. తియ్యలేకపోయా.

 ఒక్క 'దు' తగిలించి ఆ పెద్దాయన్ని గేటు బయటికి పంపించేసేది. వాక్యం దిద్దింది. తర్వాత వచ్చే ప్రశ్నలన్నీ ఆ ఒక్క తోకతో అర్థం మారిపోయాయి. అప్పటిదాకా తాత మొండిగా మాట్లాడుతున్నాడనిపించింది, ఇప్పుడు బతిమాలుతున్నాడు. భుజం పెట్టి నెట్టానని, భుజం కమిలిందని చెప్తూనే ఉన్నాడు. పరీక్ష గడువుకి ఇంకా రెండు నిమిషాలుండగా కాగితం పంపి, కుర్చీలో వెనక్కి వాలింది.

అప్పుడు తగిలింది.

లే.

తియ్యలే... అని ఆగిపోతే తియ్యలేదు అనుకున్నాను. ఇష్టం లే... అని ఆగిపోతే?

 ఆ రోజు కాలు తీసేసింది. తోక వినలేదు. రూలు నంబరు ఒకటి.

పాత ఆడియోలు నెలరోజులు ఉంచుతారు. హెడ్డుల మీటింగు ఫైలు తెరిచింది. నలభై నిమిషాలు దాటించింది. ముగిసింది అన్నాక వచ్చేది వినకూడదని మనసు ఒక పక్క నసుగుతూనే ఉంది. సగం వింటే ఒక తప్పు, పూర్తిగా వింటే అదే తప్పు, సగం దగ్గర ఆగినందుకే ఇంత అనర్థం, అని తనకి తనే తీర్పు చెప్పుకుంది. పెడల్ మీద కాలు పెట్టింది. ఈసారి రెండు కాళ్లూ పెట్టింది, ఏదీ లేవకుండా.

"మేడమ్, ఆవిడతో పనిచెయ్యడం నాకు ఇష్టం లేకపోతే... ఎప్పుడో నేనే వేరే సెక్షన్ అడిగేవాణ్ణి."

"ఓహో," అన్నారు మేడమ్. "అంటే వాదనలన్నీ..."

"వాదించకపోతే... సెక్షన్ బోసిపోతుంది మేడమ్. ఆవిణ్ణి పంపకండి. మూడు నెలల్లో అంత నేర్చుకున్నవాళ్లని నేను చూడలేదు."

"పనేనా నచ్చింది, ఇంకేమైనా ఉందా?"

చాలాసేపు నిశ్శబ్దం. టైమరు అంకెలు కదులుతున్నాయి గనక ఆడియో ఆగలేదని తెలుస్తోంది. 

"మేడమ్, నాకు ఆవిడంటే..."

"అరెరే, ఎర్రలైటు వెలుగుతోంది చూడు! ఈ రికార్డరు ఆపలేదా?"

టిక్.

అంతే. రికార్డింగు అక్కడితో అయిపోయింది. వేగం తగ్గించినా, ఎన్నిసార్లు విన్నా, ఆ తోక ఆడియోలో లేదు.

* * *

ముందు మేడమ్ గదికి పరుగెత్తింది.

"మేడమ్, నా అర్జీ..."

"ఇదిగో," మేడమ్ కళ్లజోడు మీదనుంచి చూస్తూ కాగితం తిరిగి ఇచ్చారు. "సంతకం పెట్టలేదు. మార్చమన్నావు గానీ ఎందుకో రాయలేదు. తోక లేని అర్జీలు నేను ముందుకి పంపను. ఇప్పుడు చెప్పు, ఎందుకు?"

"వద్దు మేడమ్. ఎందుకూ లేదు. చించెయ్యనా?"

"చించెయ్. నీ పరీక్ష కాగితం చూశాను. పద్నాలుగో పేజీ కూడా చూశాను. సోమవారం నుంచి ఆ సీటు నీది." అని, తలుపు దగ్గరికి వెళ్లిన అమ్మాయిని మళ్లీ పిలిచారు. "పెద్ద ఆఫీసరు అంత గొప్ప ఇంజనీరేం కాడు గానీ, చెక్క తడిస్తే ఉబ్బుతుందని ఆయనకీ తెలిసే ఉంటుంది. తాతకి ఏం కాదులే."

సీటుకి వచ్చి ఒక తెల్లకాగితం తీసుకుంది. ఇది ఆఫీసు మిషను మీద టైపు చేసేది కాదు. చేత్తో రాయాలి. కప్పులు గెలిచిన వేళ్లకి పెన్ను పట్టుకోవడం అలవాటు తప్పి, అక్షరాలు కోడి కెలికినట్టు వచ్చాయి. అయినా పద్ధతి ప్రకారమే రాసింది. ఎడమ పక్క మాట్లాడినవాళ్లు, కుడి పక్క మాట, అంచున నిమిషాలు, సెకన్లు. చివరి వరస ఇలా ఉంది:

చెకర్: మేడమ్, నాకు ఆవిడంటే ________ (రికార్డింగు తెగిపోయింది)

కింద ఎర్రపెన్నుతో ఒకే మాట రాసింది. "తోక?"

మడిచి అతని బల్ల మీద పెట్టి, బ్యాగు తగిలించుకుని, ఎవరి మొహమూ చూడకుండా మెట్లు దిగిపోయింది.

కింద వరండాలో వాన చూస్తూ నిలబడింది. గొడుగు ఉంది, తెరవలేదు. గేటు దగ్గర వాచ్‌మన్ తాత ప్లాస్టిక్ కోటేసుకుని ఇనప స్టూలు లోపలికి జరుపుకుంటున్నాడు. "వెళ్లవా తల్లీ, అదిగో నీ బస్సు," అని అరిచాడు. "తర్వాతది ఎక్కుతా తాతా," అని అరిచింది.

వెనక మెట్ల మీద అడుగుల చప్పుడు. మళ్లీగారు ఎప్పుడూ మెట్లు ఒక్కొక్కటే దిగుతాడు. ఇవాళ రెండేసి దిగుతున్నాడు.

చేతిలో కాగితం ఉంది. చెవులు రెండూ ఎర్రగా ఉన్నాయి.

"ఇది... ముగిసింది అన్నాక ఉన్న ముక్క. వినకూడదు."

"వినకూడదు. విన్నాను. అదీ సగమే విని వారంపాటు మీ మీద అలిగాను. 'ఇష్టం లే' దగ్గర కాలు తీసేశాను."

అతనికి అర్థం కావడానికి కొంచెం టైము పట్టింది. తర్వాత ఒక పక్కకి వంగిన నవ్వు వచ్చింది. "ఇష్టం లేదనుకున్నారా?"

"అనుకున్నాను. తప్పే. దిద్దుకున్నాను. ఇప్పుడు మీరు ఖాళీ నింపారా?"

"లేదు."

"రూలు నంబరు మూడు. రికార్డింగు తెగిపోతే మాట్లాడినాయన్నే అడగాలి." గొడుగు ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుంది. "అడుగుతున్నాను."

అతను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"నాకు..." అన్నాడు.

వాన పడుతోంది.

"...మీరంటే..."

ఎక్స్‌ప్రెస్ నాలుక చివర అరడజను మాటలు వరసగా నిలబడ్డాయి. వాక్యం పూర్తి చెయ్యడం ఆవిడకి చిటికెలో పని. పళ్లతో నాలుకని గట్టిగా పట్టుకుంది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, ఎదుటి మనిషి వాక్యం అతని నోటితోనే అయిపోవాలని ఆగింది. బస్సు వచ్చింది, ఆగింది, వెళ్లిపోయింది. గేటు దగ్గర తాత వింతగా చూస్తున్నాడు. పది సెకన్లు. పన్నెండు.

"...ఇష్టం," అన్నాడు మళ్లీగారు.

ఆవిడ కదల్లేదు. ఇంకా చూస్తూనే ఉంది.

"అయిపోయిందండీ," అన్నాడతను కంగారుగా.

"ఏమో. ఇష్టం అన్నాక ఇంకా ఏదో ఉంటుందని ఈమధ్యే తెలిసింది. తోక దాకా వినమన్నది మీరే."

అతను ఒక్క క్షణం తల వంచుకుని, ఎత్తాడు. ఈసారి మాటకీ మాటకీ మధ్య ఖాళీలు లేవు.

"ఇష్టం లేకపోతే ఒక్కో ముక్కని మూడేసిసార్లు మీ పక్కన కూర్చుని ఎందుకు వింటాను? నాకు మొదటిసారికే వినపడుతుంది."

  నీళ్ల పంపు, గరగర గొంతు ఇంజనీరు, కిటికీ బయట వాన, పక్కనే ఆ కుర్చీ, అన్నీ కలిసి ఒక్కసారి తిరిగొచ్చాయి. మూడు నెలలుగా అతను అంటున్న ఆ ఒక్క మాటకి అర్థం ఇదన్నమాట. కళ్లలో నీళ్లు తిరిగాయి, నవ్వు కూడా వచ్చింది. దేన్ని ముందు రానివ్వాలో తెలీక గొడుగు తెరిచి ఇద్దరి మీదా పట్టింది, వరండాలో నిలబడే.

"మళ్లీ," అంది.

"ఏంటండీ?" అన్నాడతను, తనని పిలిచిందనుకుని.

"పిలవలేదు. మళ్లీ చెప్పమంటున్నాను."

అతను చెప్పాడు. తడబడకుండా, ఆగకుండా, తల నుంచి తోక దాకా చెప్పాడు. సరిగ్గా అప్పుడే వాన పెద్దదై, రేకుల మీద దడదడలాడింది.

ఆవిడకి ప్రతి అక్షరం వినపడింది. అయినా వినపడనట్టు మొహం పెట్టి, చెవి అతని వైపు వంచి, "మళ్లీ," అంది.